చిన్న డాక్‌లో నాణ్యత ఎక్కడ పోతుంది?

అరచేతిలో ఇమిడే డాక్ (పాట అంకెలను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే పరికరం) పెట్టె మీద పెద్దక్షరాల్లో కనిపించేవి మూడే: చిప్ పేరు, 32 బిట్, 768 కిలోహెర్ట్జ్. ఇంట్లో కూర్చుని పాట వినేవారికి ఈ మూడింటివల్లా ఒరిగేది తక్కువే. అంకెలను వోల్టేజిగా మార్చే పనిని ఇవాళ చవక చిప్పులు కూడా చెవి పట్టుకోలేనంత శుభ్రంగా చేసేస్తున్నాయి. తేడా వస్తే చిప్ బయట వస్తుంది. శాంపిళ్లకు తాళం వేసే గడియారం, చిప్ కొలబద్దగా వాడుకునే రిఫరెన్స్ వోల్టేజి, అవుట్‌పుట్ దశ, గ్రౌండ్ తీగ, చివరికి కంప్యూటర్లో ఎవరూ తెరిచి చూడని ఒక సెట్టింగ్. నాణ్యత జారిపోయేది వీటి దగ్గరే. పెట్టె చిన్నదయ్యేకొద్దీ ఈ భాగాలన్నీ ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని, ఒకే 5 వోల్ట్‌ల సరఫరా మీద బతకాలి. అందుకే చిన్న డాక్‌లో చిప్ పేరు కంటే బోర్డు గీసినవాడి పనితనమే ఎక్కువ మాట్లాడుతుంది.

బిట్ల లెక్క ఎంతవరకు నిలుస్తుంది

సీడీ 1982లో వచ్చినప్పుడు 16 బిట్లు, సెకనుకు 44,100 శాంపిళ్లు (ధ్వని తరంగం మీద తీసుకునే కొలతలు) అని ఖరారైంది. బిట్‌కు 6.02 డెసిబెల్స్ చొప్పున లెక్కగట్టి దానికి 1.76 కలిపితే 16 బిట్లకు 98 డెసిబెల్స్ వస్తాయి. 2 వోల్ట్ ఆర్ఎంఎస్ (ఏసీ మీటర్ చూపే విలువ) ఇచ్చే డాక్‌లో పూర్తిస్థాయి సైన్ తరంగం కింది కొస నుంచి పై కొస దాకా 5.66 వోల్ట్‌లు ఉంటుంది. దాన్ని 65,536 మెట్లుగా విభజిస్తే ఒక్కో మెట్టు 86 మైక్రోవోల్ట్‌లు. అదే 24 బిట్లయితే మెట్టు 0.34 మైక్రోవోల్ట్‌కు పడిపోతుంది. ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డొస్తుంది. గది వేడిమిలో ఊరికే పడి ఉన్న 1 కిలోఓమ్ రెసిస్టర్ కూడా 20 కిలోహెర్ట్జ్ పరిధిలో 0.57 మైక్రోవోల్ట్ నాయిస్ పుట్టిస్తుంది. అంటే 24 బిట్లలో చివరి బిట్లు ఒక్క రెసిస్టర్ నాయిస్‌లోనే మునిగిపోతాయి.

ఇప్పటి మంచి డాక్‌లు 120 నుంచి 130 డెసిబెల్స్ డైనమిక్ రేంజ్, అంటే అతి గట్టి సిగ్నల్‌కూ నాయిస్‌కూ మధ్య దూరం, ఇస్తాయి. బిట్లలో చెప్పాలంటే 20, 21 దగ్గర ఆగుతాయి. మరి 32 బిట్ అన్న ముద్ర ఎందుకు? చిప్ లోపల వాల్యూమ్ తగ్గించేటప్పుడు, ఫిల్టర్ గుణకారాలు చేసేటప్పుడు అంకెల తోకలు తెగిపోకుండా ఉండటానికి. అది లోపలి లెక్కల వెసులుబాటు మాత్రమే, జాక్ దగ్గర కొలిచే ఖచ్చితత్వం కాదు. 768 కిలోహెర్ట్జ్ సంగతీ అంతే. 44.1 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్ 22.05 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న ప్రతి శబ్దాన్నీ పట్టుకుంటుంది. మనిషి చెవి 20 దగ్గర ఆగిపోతుంది, నడివయసు దాటినవారిలో చాలామందికి అంతకంటే చాలా ముందే.

ఈ అంకెలను గదిలో పెట్టి చూడాలి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూడా నేపథ్య శబ్దం 30 డెసిబెల్స్ చుట్టూ ఉంటుంది. బాస్ గట్టిగా మోగేటప్పుడు స్పీకర్ డిస్టార్షన్, అంటే సిగ్నల్ రూపం చెడటం, ఒక శాతాన్ని తాకడం మామూలే, అది మైనస్ 40 డెసిబెల్స్. డాక్ డిస్టార్షన్ మైనస్ 110 దగ్గరుందా, మైనస్ 120 దగ్గరుందా అని పోట్లాడుకునేవాళ్లు ఈ 40ని గుర్తుంచుకుంటే మంచిది.

చిప్పుల్లో రెండు జాతులు. ఈఎస్ఎస్, ఏకేఎం, సిర్రస్ లాజిక్ తయారుచేసేవి దాదాపు అన్నీ సిగ్మా-డెల్టా పద్ధతివి. కొద్ది బిట్లనే సెకనుకు లక్షలసార్లు మారుస్తూ, నాయిస్‌ను చెవికి అందని పౌనఃపున్యాలవైపు తోసేస్తాయి. రెండోది ఆర్-2ఆర్, రెసిస్టర్ల నిచ్చెన. ఇందులో అన్నిటికంటే పెద్ద బిట్‌ను మోసే రెసిస్టర్ 16 బిట్ల ఖచ్చితత్వానికి 0.0015 శాతం లోపు తేడాతో ఉండాలి. మార్కెట్లో దొరికే ఖరీదైన రెసిస్టర్లు కూడా చాలావరకు 0.01 శాతం దగ్గరుంటాయి. కాబట్టి ప్రతి బోర్డునూ విడిగా సరిచేయక తప్పదు, వేడెక్కితే ఆ సరిచేసిందీ పక్కకు తప్పుతుంది. నిచ్చెన డాక్ ధ్వని నచ్చి కొనుక్కోవడంలో తప్పు లేదు. ఖచ్చితత్వం కోసమని కొంటే మాత్రం దారి తప్పినట్టే.

2020 అక్టోబర్‌లో జపాన్‌లోని నొబెయోకాలో ఏకేఎం చిప్ ఫ్యాక్టరీ తగలబడింది. సరఫరా ఆగిపోవడంతో చాలామంది తయారీదారులు బోర్డులు మళ్లీ గీసి వేరే చిప్పులకు మారారు. పాత డాక్ చేతులు మారి వస్తుంటే మోడల్ పేరుతో సరిపెట్టుకోకుండా తయారైన కాలం, లోపలి చిప్ కూడా కనుక్కోవడం అందుకే అవసరం.

యూఎస్‌బీ, గడియారం

యూఎస్‌బీ ఆడియో ప్రమాణంలో మొదటి తరగతి (క్లాస్ 1) సెకనుకు 12 మెగాబిట్ల వేగంతో నడుస్తుంది. ప్రతి మిల్లీసెకనుకు ఒక ప్యాకెట్ వెళ్తుంది, అందులో గరిష్ఠంగా 1,023 బైట్లు పడతాయి. 24 బిట్ల స్టీరియోలో ఒక్కో శాంపిల్ జతకు 6 బైట్లు. 96 కిలోహెర్ట్జ్‌కు మిల్లీసెకనుకు 576 బైట్లు, హాయిగా పడతాయి. 192కు 1,152 కావాలి, పట్టవు. పాత డాక్‌లు 96 దగ్గర ఆగిపోయింది ఇందుకే. రెండో తరగతి 480 మెగాబిట్ల వేగంతో, సెకనుకు 8,000 చిన్న ప్యాకెట్లతో నడుస్తుంది. విండోస్‌కు దీని డ్రైవర్ సొంతంగా వచ్చింది 2017లో, విండోస్ 10 వెర్షన్ 1703తో. మ్యాక్, లినక్స్ అంతకు ముందునుంచే దీన్ని గుర్తుపట్టేవి.

44.1 కిలోహెర్ట్జ్‌తో ఒక చిక్కు ఉంది. మిల్లీసెకనుకు 44.1 శాంపిళ్లు పంపడం కుదరదు. అందుకని తొమ్మిది ప్యాకెట్లలో 44 చొప్పున, పదోదానిలో 45 పంపుతారు. ఇలా కుంటుతూ వచ్చే దాని నుంచే గడియారాన్ని తయారుచేసుకోవాలని చూసిన తొలితరం యూఎస్‌బీ డాక్‌లలో జిట్టర్, అంటే గడియారం టిక్కుల్లో తడబాటు, ఎక్కువగా ఉండేది. అసింక్రనస్ పద్ధతి ఈ సంబంధాన్ని తిరగేసింది. డాక్ పక్కనున్న క్రిస్టలే యజమాని. వచ్చిన శాంపిళ్లు ఒక చిన్న బఫర్లో పడతాయి. అది నిండుతుంటే కాస్త తగ్గించమని, ఖాళీ అవుతుంటే కాస్త పెంచమని డాక్ కంప్యూటర్‌కు చెబుతుంది.

బోర్డు ఫోటో దొరికితే వెతకాల్సింది రెండు చిన్న లోహపు డబ్బాలు. 44.1 కుటుంబానికి 22.5792 మెగాహెర్ట్జ్, 48 కుటుంబానికి 24.576 మెగాహెర్ట్జ్, లేదా వీటికి రెట్టింపు: 45.1584, 49.152. ఈ రెండూ చిప్‌కు దగ్గరగా ఉంటే బోర్డు గీసినవాడికి పని తెలుసని అర్థం. ఒక్క క్రిస్టలే ఉంటే అసలు గడియారం పీఎల్‌ఎల్ (ఒక గడియారం నుంచి ఇంకో వేగం గడియారాన్ని పుట్టించే సర్క్యూట్) నుంచి పుట్టొచ్చు, లేదా చిప్ లోపల రేటు మార్పిడి జరుగుతుండొచ్చు. అది కూడా బాగానే పనిచేయవచ్చు, కానీ కొలతలు చూసి నమ్మాల్సిన విషయం.

జిట్టర్ ఎంత ఉంటే ప్రమాదం? 20 కిలోహెర్ట్జ్ పూర్తిస్థాయి సిగ్నల్‌కు 16 బిట్ల శుద్ధి నిలవాలంటే సుమారు 120 పికోసెకన్ల లోపు ఉండాలి. సంగీతంలో 20 కిలోహెర్ట్జ్ దగ్గర పూర్తిస్థాయి సిగ్నల్ ఉండదు కాబట్టి నిజజీవితంలో ఇంకా చాలా వెసులుబాటు ఉంది. నేటి అసింక్రనస్ డాక్‌లో జిట్టర్ గురించి నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు.

ఆప్టికల్, కోయాక్సియల్ ఇన్‌పుట్‌లలో గడియారం సిగ్నల్‌తో పాటే కలిసి వస్తుంది, డాక్ దాన్ని విడదీసుకోవాలి. ఆప్టికల్‌కు 96 కిలోహెర్ట్జ్ దాకా ఇబ్బంది లేదు. 192 దగ్గర కొన్ని జతలు టక్ టక్‌మని తెగుతుంటాయి, ప్లాస్టిక్ ఫైబర్‌ను గట్టిగా వంచినా అంతే. బ్లూటూత్‌లో ఎల్‌డాక్ అనే కోడెక్ గరిష్ఠంగా సెకనుకు 990 కిలోబిట్లు మోస్తుంది. సీడీకి కావాల్సింది 1,411. సౌకర్యానికి సరే.

ఫిల్టర్, శాంపిళ్ల మధ్య దాగిన శిఖరం

శాంపిళ్ల నుంచి తరంగాన్ని తిరిగి గీసేటప్పుడు 22.05 కిలోహెర్ట్జ్‌కు పైన అసలు శబ్దానికి ప్రతిబింబాలు పుడతాయి. 20 కిలోహెర్ట్జ్ స్వరానికి 24.1 దగ్గర, 15 కిలోహెర్ట్జ్ స్వరానికి 29.1 దగ్గర. వాటిని కోసేయడమే ఫిల్టర్ పని. ఏకేఎం చిప్పుల మెనూలో షార్ప్ రోలాఫ్, స్లో రోలాఫ్, షార్ట్ డిలే అంటూ కనిపించేవి ఇవే. షార్ప్ ఫిల్టర్ 20 కిలోహెర్ట్జ్ దాకా గీత గీసినట్టు సమంగా ఉంచి తర్వాత నిట్టనిలువుగా కోస్తుంది. దీనికి మూల్యంగా పదునైన శబ్దానికి ముందూ వెనకా 22 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నని అలలు వస్తాయి, అవి చెవికి అందే పరిధిలో లేవు. స్లో ఫిల్టర్ ఈ అలలను తగ్గిస్తుంది కానీ పై స్వరాలను కొంత కోసి, ప్రతిబింబాలను కొంత వదిలేస్తుంది.

ఫిల్టరే వద్దనే డాక్‌లు కూడా ఉన్నాయి. ఓవర్‌శాంప్లింగ్ (శాంపిళ్ల మధ్య లెక్కగట్టి మరిన్ని శాంపిళ్లు చేర్చడం) లేని ఈ రకంలో 44.1 దగ్గర 20 కిలోహెర్ట్జ్ స్వరం 3.17 డెసిబెల్స్ తగ్గిపోతుంది. వెచ్చగా, మెత్తగా ఉందని వర్ణించేదాంట్లో సింహభాగం ఈ తగ్గుదలే. అదే కావాలంటే ఈక్వలైజర్‌లో ట్రెబుల్ కాస్త దించితే సరిపోతుంది, ప్రతిబింబాల బరువు యాంప్లిఫయర్ మీద పడదు. ఏ ఫిల్టర్ ఎంచుకోవాలో తెలియకపోతే షార్ప్ దగ్గరే ఉంచి మర్చిపోవచ్చు.

ఫిల్టర్ పేర్ల కంటే అసలు పట్టించుకోవాల్సింది ఇంకొకటి ఉంది, దాని గురించి మాట్లాడేవారే తక్కువ. ఈ మధ్యకాలపు రికార్డింగుల్లో శాంపిళ్లను గరిష్ఠ స్థాయికి ఆనించి మాస్టర్ చేస్తున్నారు. శాంపిళ్లు హద్దు దాటకపోయినా, రెండు శాంపిళ్ల మధ్య నుంచి సాగే అసలు తరంగం దాటవచ్చు. పాఠ్యపుస్తకపు ఉదాహరణ: శాంప్లింగ్ రేటులో నాలుగో వంతు పౌనఃపున్యం, అంటే 11,025 హెర్ట్జ్ స్వరాన్ని తీసుకుని శాంపిళ్లు శిఖరానికి రెండు పక్కలా 45 డిగ్రీల దూరంలో పడేలా అమర్చాలి. శాంపిళ్లు గరిష్ఠాన్ని తాకినప్పుడు తరంగ శిఖరం 1.414 రెట్లు ఉంటుంది, 3.01 డెసిబెల్స్ ఎక్కువ. లోపల ఖాళీ లేని డాక్ ఫిల్టర్ ఆ శిఖరాన్ని కోసేస్తుంది. గట్టిగా మోగే పాటలో తాళాల శబ్దం గరుకుగా వినిపించి, అదే పాట కాస్త తగ్గిస్తే శుభ్రంగా అనిపిస్తే ఈ కోత మీద అనుమానపడాలి. మందు తేలిక: ప్లేయర్‌లోనో, డాక్‌లోనో డిజిటల్ వాల్యూమ్‌ను శాశ్వతంగా మైనస్ 3.5 డెసిబెల్స్ దగ్గర ఉంచడం. 120 డెసిబెల్స్ ఉన్న డాక్‌లో ఈ మూడున్నర పోయినా ఎవరికీ నష్టం లేదు.

అవుట్‌పుట్ దశ

ఈఎస్9038క్యూ2ఎం లాంటి చిప్పులు కరెంట్ ఇచ్చే పద్ధతిలో తమ ఉత్తమ ఫలితం చూపుతాయి. ఆ కరెంట్‌ను వోల్టేజిగా మార్చే ఆపాంప్ (చిన్న యాంప్లిఫయర్ చిప్) దశ సరిగ్గా లేకపోతే చిప్ గొప్పతనం అక్కడితో సరి. కొన్ని ఈఎస్ఎస్ డాక్‌ల కొలతల్లో మధ్యస్థాయి సిగ్నళ్ల దగ్గర ఇంటర్‌మాడ్యులేషన్ (రెండు స్వరాలు కలిసి లేని స్వరాలను పుట్టించే డిస్టార్షన్) గీత గూనిలా పైకి లేవడం ఒకప్పుడు బాగా చర్చకొచ్చింది. ఈ దశలో భాగాల విలువలు మార్చిన బోర్డుల్లో ఆ గూని అణిగిపోయింది. చిప్ అదే, బోర్డు వేరు.

చిన్న పెట్టెలో చోటు కోసం చేసే తప్పు కెపాసిటర్ల దగ్గర దొరుకుతుంది. ఫిల్టర్‌లో సిగ్నల్ మీదుండే సిరామిక్ కెపాసిటర్లు సీ0జీ రకానివి కావాలి. ఎక్స్7ఆర్ రకం చిన్న సైజులో ఎక్కువ విలువ ఇస్తుంది కానీ దాని మీద వోల్టేజి మారేకొద్దీ విలువే మారిపోతుంది, అది నేరుగా డిస్టార్షన్‌గా బయటపడుతుంది. సరఫరా తీగల మీద బైపాస్‌గా ఎక్స్7ఆర్ నిక్షేపంగా వాడుకోవచ్చు. ఆపాంప్ మార్చి ధ్వని మార్చుకోవచ్చనే ఆశతో సాకెట్ ఉన్న డాక్‌ల కోసం వెతికేవారు ఒకటి గమనించాలి. వేగం ఎక్కువున్న ఆపాంప్‌ను దానికి తగ్గట్టు గీయని బోర్డులో పెడితే మెగాహెర్ట్జ్‌లలో కంపించడం మొదలవుతుంది. వేలు పెడితే కాలేంత వేడెక్కడం దాని లక్షణం.

ఆర్‌సీఏ అవుట్‌పుట్‌కు 2 వోల్ట్‌లు, బ్యాలెన్స్‌డ్ (ఒకే సిగ్నల్‌ను రెండు తీగల్లో తిరగేసి పంపే) అవుట్‌పుట్‌కు 4 వోల్ట్‌లు ఆనవాయితీ. 26 డెసిబెల్స్ గెయిన్ ఉన్న పవర్ యాంప్లిఫయర్ 2 వోల్ట్‌లను 40 చేస్తుంది. 8 ఓమ్ స్పీకర్‌లో అది 200 వాట్లు. 50 వాట్ల యాంప్లిఫయర్‌కు 1 వోల్ట్ ఇస్తే చాలు, నిండిపోతుంది. డాక్‌ను నేరుగా పవర్ యాంప్‌కు కలిపేవారు మొదటిసారి పాట పెట్టే ముందు వాల్యూమ్ మైనస్ 40 దగ్గర ఉందో లేదో చూసుకోకపోతే ట్వీటర్లు (పై స్వరాల స్పీకర్లు) పోవచ్చు.

హెడ్‌ఫోన్ జాక్ ఉన్న డాక్‌లో చూడాల్సిన అంకె అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకూడదన్నది పాత నియమం. ఎందుకో లెక్క చెబుతుంది. బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ అనే రకం ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్ ఒక స్వరం దగ్గర 8 ఓమ్‌లు, ఇంకో స్వరం దగ్గర 40 ఓమ్‌లు ఉందనుకుందాం. డాక్ అవుట్‌పుట్ 10 ఓమ్‌లయితే మొదటి స్వరం 7 డెసిబెల్స్, రెండోది 1.9 డెసిబెల్స్ తగ్గుతాయి. మధ్యలో 5 డెసిబెల్స్ వంకర! అదే 1 ఓమ్ అయితే వంకర 0.8కు దిగుతుంది. ఒకే ఇయర్‌ఫోన్ రెండు డాక్‌ల మీద వేర్వేరుగా వినిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్ని, చిప్‌ను కాదు.

సరఫరా, గ్రౌండ్: అసలు గొడవంతా ఇక్కడే

డాక్ చిప్ అవుట్‌పుట్ దాని రిఫరెన్స్ వోల్టేజికి అనులోమంగా ఉంటుంది. ఆ వోల్టేజి మీదున్న నాయిస్ సిగ్నల్‌తో గుణకారమై బయటికొస్తుంది. అందుకే మంచి బోర్డుల్లో ఆ పిన్నుకు విడిగా తక్కువ నాయిస్ రెగ్యులేటర్ ఉంటుంది. ఎల్‌టీ3045 లాంటివి 10 హెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్ మధ్య 0.8 మైక్రోవోల్ట్ నాయిస్‌తో సరిపెడతాయి. లోపల ఇలాంటి రెగ్యులేటర్ ఉన్న డాక్‌కు బయట ఖరీదైన లీనియర్ సప్లై తగిలించడం వల్ల కొలతల్లో సాధారణంగా ఏమీ మారదు. రెగ్యులేటర్ లేని డాక్‌కు తగిలిస్తే మారవచ్చు. అయితే అలాంటి డాక్‌ను మార్చడమే చవక.

గ్రౌండ్ లూప్ వేరే జంతువు. కంప్యూటర్‌కు ఎర్త్ ఉంది, యాంప్లిఫయర్‌కూ ఉంది. యూఎస్‌బీ తీగ షీల్డ్, డాక్, ఆర్‌సీఏ తీగ షీల్డ్ కలిసి రెండు ఎర్త్‌ల మధ్య మరో దారి వేస్తాయి. ఆ దారిలో 1 మిల్లీయాంప్ కరెంట్ పారిందనుకుందాం. ఆర్‌సీఏ షీల్డ్ నిరోధం కనెక్టర్లతో కలిపి 50 మిల్లీఓమ్‌లు అనుకుంటే దాని మీద 50 మైక్రోవోల్ట్‌లు పుడతాయి, అవి సిగ్నల్‌లో కలిసిపోతాయి. 2 వోల్ట్‌ల పక్కన ఇది మైనస్ 92 డెసిబెల్స్. 120 డెసిబెల్స్ డాక్‌ను కొని తెచ్చి సీడీ కంటే తక్కువకు దించుకున్నట్టు. ఆ 50 మైక్రోవోల్ట్‌లను 26 డెసిబెల్స్ గెయిన్ స్పీకర్ దగ్గర 1 మిల్లీవోల్ట్ చేస్తుంది. దగ్గర కూర్చుని వినే డెస్క్ స్పీకర్లలో అది వినపడుతుంది.

చెవే మొదటి పరికరం. పాట ఆపి, వాల్యూమ్ మామూలు చోటే ఉంచి, ట్వీటర్‌కు చెవి ఆనిస్తే నాయిస్ ఏ జాతిదో తెలిసిపోతుంది. సమంగా సన్నగా వినిపించే హిస్ యాంప్లిఫయర్ సొంతం, డాక్ తీగ పీకేసినా ఉంటుంది. గుయ్ మనే లోతైన హమ్ మెయిన్స్ నుంచి వస్తుంది, 50 లేదా 60 హెర్ట్జ్, దాని గుణిజాలతో. మౌస్ కదిపితేనో, పేజీ జరిపితేనో చిరచిరలాడే శబ్దం కంప్యూటర్ గ్రౌండ్ మీది కరెంట్ల చప్పుడు. కదలకుండా నిలిచే 1 కిలోహెర్ట్జ్ ఈల యూఎస్‌బీ మొదటి తరగతి ప్యాకెట్లది, 8 కిలోహెర్ట్జ్ ఈల రెండో తరగతి ప్యాకెట్లది. ఈ రెండూ వినిపిస్తే యూఎస్‌బీ సరఫరా నాయిస్ అనలాగ్ వైపు కారుతోందని అర్థం.

తర్వాత ఒక్కో ముడీ విప్పుకుంటూ పోవాలి. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపాలి. శబ్దం పోతే దోషం చార్జర్‌ది. రెండు పిన్నుల చార్జర్ లోపలి చిన్న కెపాసిటర్ గుండా కొద్ది కరెంట్ ఎప్పుడూ కారుతుంటుంది, ల్యాప్‌టాప్ లోహపు ఒంటిని తాకితే చిమచిమలాడేది అదే. పోకపోతే డాక్, కంప్యూటర్, యాంప్లిఫయర్ మూడింటినీ ఒకే పవర్ స్ట్రిప్ మీదకు తెచ్చి చూడాలి, లూప్ వైశాల్యం తగ్గుతుంది. అప్పటికీ ఉంటే యూఎస్‌బీ పక్కనపెట్టి ఆప్టికల్ తీగ వాడాలి. గాజైనా ప్లాస్టిక్ అయినా కరెంట్ పారదు కాబట్టి లూప్ అక్కడికక్కడే తెగిపోతుంది. యాంప్లిఫయర్‌కు బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ ఉంటే అది మరో శాశ్వత పరిష్కారం. ఎర్త్ పిన్ను విరిచేయడం మాత్రం ఎవరు చెప్పినా చేయకూడదు. హమ్ పోతుంది, దాంతోపాటు ప్రాణరక్షణ కూడా పోతుంది.

కంప్యూటర్, డాక్ గ్రౌండ్‌లను విడదీసే యూఎస్‌బీ ఐసోలేటర్లు కొనేటప్పుడు ఒక కిటుకు. ఏడీయూఎం4160 చిప్ మీద తయారైనవి 12 మెగాబిట్ల దగ్గరే ఆగుతాయి. రెండో తరగతి డాక్ వాటి వెనక 96 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది లేదా అసలు గుర్తింపుకే రాదు. 480 మెగాబిట్లకు ఏడీయూఎం4165 లాంటి తర్వాతి తరం చిప్ ఉన్నది కావాలి. ఇంకో ఇబ్బంది విద్యుత్తు. చిన్న ఐసోలేటర్లలో ఉండే 1 వాట్ కన్వర్టర్ 5 వోల్ట్‌ల దగ్గర 200 మిల్లీయాంప్‌లే ఇస్తుంది. హెడ్‌ఫోన్ యాంప్ ఉన్న డాక్ అంతకంటే ఎక్కువ లాగితే పాట మధ్యలో కనెక్షన్ తెగి మళ్లీ కలుస్తూ ఉంటుంది, జనం దాన్ని డాక్ లోపం అనుకుంటారు.

చేతితో కట్టుకునేవారికి

పీసీఎం5102ఏ చిప్ ఉన్న చిన్న ఊదారంగు బోర్డు నేర్చుకోవడానికి మంచి వేదిక. డైనమిక్ రేంజ్ 112 డెసిబెల్స్, అవుట్‌పుట్ 2.1 వోల్ట్‌లు. లోపలి చార్జ్ పంప్ మైనస్ సరఫరాను తనే తయారుచేసుకుంటుంది కాబట్టి అవుట్‌పుట్‌లో పెద్ద కెపాసిటర్లు అక్కర్లేదు. బోర్డు వెనక నాలుగు సోల్డర్ జంపర్లు ఉంటాయి. మొదటిది ఫిల్టర్, రెండోది డీ-ఎంఫసిస్ (పాత రికార్డింగుల్లో పెంచిన ట్రెబుల్‌ను దించేది), నాలుగోది డేటా ఫార్మాట్: ఈ మూడూ లో (ఎల్) వైపు. మూడోది మ్యూట్, అది హై (హెచ్) వైపు. ముందువైపు ఎస్‌సీకే (సిస్టమ్ క్లాక్) పిన్ను పక్కనున్న జంపర్‌ను గ్రౌండ్‌కు కలపాలి, అప్పుడు చిప్ తనకు కావాల్సిన గడియారాన్ని బిట్ క్లాక్ నుంచి తనే పీఎల్‌ఎల్‌తో తయారుచేసుకుంటుంది.

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలిపేటప్పుడు 40 పిన్నుల వరుసలో 2వ పిన్ను 5 వోల్ట్‌లకు, 6వది గ్రౌండ్‌కు, 12వది బిట్ క్లాక్‌కు, 35వది ఎడమ-కుడి క్లాక్‌కు, 40వది డేటాకు. తీగలు 10 సెంటీమీటర్లు దాటకపోతే మంచిది. కాన్ఫిగ్ ఫైల్లో హైఫైబెర్రీ-డాక్ ఓవర్‌లే చేర్చి రీస్టార్ట్ చేయాలి. కార్డు కనిపిస్తోంది, పాట నడుస్తోంది, శబ్దం మాత్రం లేదు అంటే మూడో జంపర్ ఖాళీగా ఉండి మ్యూట్‌లో ఉందని అర్థం. బరబరమంటూ ఆగి ఆగి వస్తే ఎస్‌సీకే గాలిలో వేలాడుతోంది. స్వరాలు వినిపిస్తూనే ఘోరంగా చిరిగిపోతుంటే ఫార్మాట్ జంపర్ తప్పు.

యాంప్లిఫయర్‌కు కలిపే ముందు మల్టీమీటర్ పని పూర్తి చేయాలి. పూర్తిస్థాయి 50 హెర్ట్జ్ సైన్ తరంగం ఆడిస్తే ఏసీ వోల్ట్‌ల మీద రెండు చానళ్లూ 2.1 దగ్గర చూపాలి. డీసీ మీద కొద్ది మిల్లీవోల్ట్‌లకు మించకూడదు. ఈ చిప్‌లో హార్డ్‌వేర్ వాల్యూమ్ లేదు, అంతా సాఫ్ట్‌వేర్‌లోనే. రాస్ప్‌బెర్రీ పై గడియారం 44.1 కుటుంబానికి సరిగ్గా భాగహారం కాదు కాబట్టి జిట్టర్ ఎక్కువే. అది నచ్చకపోతే సొంతంగా రెండు క్రిస్టళ్లు పెట్టుకుని, గడియారాన్ని తానే రాస్ప్‌బెర్రీ పైకి పంపే పీసీఎం5122 బోర్డులకు వెళ్లాలి.

కంప్యూటర్ సెట్టింగులు

విండోస్ అన్ని శబ్దాలనూ కలిపి, సౌండ్ సెట్టింగుల్లో ఎంచిన ఒకే రేటుకు మార్చి పంపుతుంది. ప్లేయర్‌లో వాసపీ ఎక్స్‌క్లూజివ్ లేదా ఏఎస్ఐఓ (డాక్‌కు నేరుగా పంపే మార్గాలు) ఎంచితే ఈ మధ్యవర్తి తప్పుకుంటాడు. మ్యాక్‌లో ఆడియో మిడి సెటప్‌లో రేటు చూసుకోవాలి. ఆండ్రాయిడ్ సాధారణంగా 48 కిలోహెర్ట్జ్‌కు మార్చేస్తుంది, సొంత యూఎస్‌బీ డ్రైవర్ ఉన్న ప్లేయర్లు దాన్ని దాటిపోతాయి. సరిచూడటం సులువు: 44.1 పాట ఒకటి, 96 పాట ఒకటి వరుసగా పెట్టి డాక్ తెర మీదో, లైటు రంగులోనో రేటు మారుతోందేమో చూడాలి. మారకుండా 48 దగ్గరే ఉంటే ఎక్కడో మార్పిడి జరుగుతోంది. ఇప్పటి రేటు మార్పిడి కూడా అంత చెడ్డది కాదు, కానీ డబ్బు పెట్టి డాక్ కొన్నాక దాన్ని వదిలేయడం ఎందుకు?

డీఎస్‌డీ (ఒక్క బిట్‌నే అతివేగంగా వాడే రికార్డింగ్ రకం) ఫైళ్లను డీఓపీ పద్ధతిలో పంపేటప్పుడు సిస్టమ్ వాల్యూమ్ ఖచ్చితంగా నూరు శాతం ఉండాలి. ఈ పద్ధతిలో 16 బిట్ల డీఎస్‌డీ సమాచారానికి 8 గుర్తు బిట్లు తగిలించి 176.4 కిలోహెర్ట్జ్ మామూలు ఆడియో వేషంలో పంపుతారు. వాల్యూమ్ ఏ కాస్త కదిపినా గుర్తులు చెదిరి, డాక్ దాన్ని మామూలు ఆడియోగా చదివి బుస్సుమని నాయిస్ వదులుతుంది.

రెండు డాక్‌లను పోల్చాలంటే

1.9 వోల్ట్‌ల డాక్‌కూ 2.1 వోల్ట్‌ల డాక్‌కూ మధ్య 0.87 డెసిబెల్స్ తేడా ఉంది. గట్టిగా మోగుతోందని ఎవరికీ స్పష్టంగా తెలియదు, కానీ వివరాలు ఎక్కువ వినిపిస్తున్నాయని, వేదిక విశాలంగా ఉందని అనిపిస్తుంది. నెట్‌లో కనిపించే డాక్ సమీక్షల్లో చాలావాటికి ఈ ఒక్క లెక్కే విరుగుడు. 1 కిలోహెర్ట్జ్ స్వరం ఆడిస్తూ యాంప్లిఫయర్ అవుట్‌పుట్ దగ్గర వోల్టేజి కొలిచి, రెండింటినీ 0.1 డెసిబెల్ లోపు, అంటే 1.2 శాతం లోపు, సమం చేయాలి. మీటర్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర నమ్మదగ్గది కాకపోతే 100 హెర్ట్జ్ స్వరంతో కొలవొచ్చు.

తర్వాత ఏ డాక్ మోగుతోందో వినేవారికి తెలియకుండా ఇంకొకరు స్విచ్ మార్చాలి. మార్చడానికి కొన్ని క్షణాలు మించి పడితే చెవి జ్ఞాపకం చెరిగిపోతుంది, కాబట్టి తీగలు పీకి పెట్టే పద్ధతి పనికిరాదు, యాంప్లిఫయర్ మీది ఇన్‌పుట్ బటనే వాడాలి. 16 సార్లలో కనీసం 12 సరిగ్గా చెబితే అది గాలివాటం అయ్యే అవకాశం 3.8 శాతం. 10 చెబితే నాణెం ఎగరేసినా 23 శాతం సార్లు వచ్చే ఫలితమే. పోల్చడానికి మొదటి జత కూడా రెండు ఖరీదైన డాక్‌లు కానక్కర్లేదు. ల్యాప్‌టాప్ సొంత హెడ్‌ఫోన్ జాక్‌ను ఒకవైపు, కొత్త డాక్‌ను రెండోవైపు పెట్టి, వాడే హెడ్‌ఫోన్‌నే తగిలించి మొదలుపెట్టాలి. ఈ జతకు తీగ మార్చక తప్పదు కాబట్టి ఒక చిన్న రెండుదారుల స్విచ్ బాక్స్ మధ్యలో పెట్టుకోవాలి, అందులో రెండు వైపుల గ్రౌండ్‌లు కూడా విడివిడిగా మారేలా చూసుకోవాలి. లేదంటే ల్యాప్‌టాప్ హమ్ డాక్ వైపుకూ పాకి, పోలిక మొత్తం చెడిపోతుంది.